టెన్షన్ తగ్గించే యాప్.. ఏ డివైజ్‌లో ఉంది, ఎవరి చేతిలో ఉంది? అసలు తేడా అక్కడే!

ఫోన్‌లో ధ్యానం యాప్. చేతికి స్ట్రెస్ స్కోరు చూపించే వాచ్. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో 'కాసేపు బ్రేక్ తీసుకోండి' అనే పాప్-అప్. హాల్లో స్మార్ట్ టీవీలో ఎనిమిది గంటల వాన చప్పుడు వీడియో. ఒత్తిడి తగ్గిస్తామంటూ టెక్నాలజీ ఇప్పుడు ప్రతి స్క్రీన్ మీదకూ వచ్చేసింది. మరి జనం వీటిని నిజంగా వాడుతున్నారా? వాడితే ఎన్ని రోజులు? ఎవరికి పనికొస్తున్నాయి?

యాప్ మంచిదా కాదా అన్నది సగం ప్రశ్నే. అదే ఊపిరి వ్యాయామం సొంత ఫోన్‌లో ఒకలా, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇంకోలా, ఇంట్లో నలుగురూ వాడే ఫోన్‌లో మరోలా పనిచేస్తోంది. ఇక ఒత్తిడి చాలా ఎక్కువగా ఉన్న కొందరి చేతుల్లో అసలు ఏ డివైజూ లేదు. వాళ్లు ఎక్కడో కాదు, మన హాస్టళ్లలోనే ఉన్నారు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఫోన్.

నెల తిరిగేసరికి మిగిలేది ముగ్గురే

మానసిక ఆరోగ్య యాప్‌ల వాడకంపై 2019లో ఓ అంతర్జాతీయ పరిశోధన వచ్చింది. ఒక్కోదానికి కనీసం 10 వేల ఇన్‌స్టాల్స్ ఉన్న 93 ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించారు. జనం నోటిమాట మీద ఆధారపడలేదు. ఫోన్లలో నిజంగా యాప్ తెరిచారా లేదా అన్న డేటానే తీసుకున్నారు. తేలిందేంటంటే.. ఒక సాధారణ యాప్‌ను వందమంది వేసుకుంటే, 15 రోజుల తర్వాత కూడా తెరుస్తున్నది దాదాపు నలుగురు. 30 రోజులకు ముగ్గురే. కచ్చితంగా చెప్పాలంటే 3.9 శాతం, 3.3 శాతం.

కరోనాకు ముందు లెక్క ఇది. ఆ తర్వాత ఇలాంటి యాప్‌లు ఇంకా పెరిగాయి. అయితే మానేసిన వాళ్లంతా ఓడిపోయినట్టు అనుకోవాల్సిన పనిలేదు. పరీక్ష ముందు రోజు రాత్రి యాప్ వేసుకుని, నిదానంగా ఊపిరి తీయడం నేర్చుకుని, మర్నాడు డిలీట్ చేసిన కుర్రాడికి అది పనికొచ్చినట్టే. కాకపోతే కంపెనీల లెక్క వేరు. వాటికి ఏడాది సబ్‌స్క్రిప్షన్ కావాలి. అందుకే 'వరసగా 12 రోజులు చేశారు, ఇవాళ మిస్ కావద్దు' అంటూ నోటిఫికేషన్లు. టెన్షన్ తగ్గడానికి పెట్టుకున్న యాప్ దగ్గర కూడా అటెండెన్స్ భయమే!

దీనికి మించిన ఇబ్బంది ఫోన్‌తోనే ఉంది. మందు ఏ సీసాలో ఉందో, జబ్బూ ఆ సీసాలోనే ఉంది. కళ్లు మూసుకుని పది సెకన్లు కాకముందే పైన ఈఎంఐ మెసేజ్, దాని కింద ఆఫీసు వాట్సాప్ గ్రూప్. మంచం మీద పడుకుని వాడే సాధనం, నిద్ర పాడుచేస్తున్న సాధనం.. రెండూ ఒకటే.

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది అసలు యాప్ దాకా వెళ్లరు. నేరుగా యూట్యూబ్‌లో వెతుకుతారు. నిద్ర పట్టడానికి సంగీతం, పది నిమిషాల ధ్యానం, ప్రాణాయామం, వాన చప్పుడు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో దొరుకుతుంది, లాగిన్ గొడవ లేదు. కానీ ప్రీమియం లేకపోతే స్క్రీన్ ఆపగానే వీడియో ఆగిపోతుంది. అంటే నిద్ర కోసం పెట్టిన వీడియో వల్ల స్క్రీన్ రాత్రంతా వెలుగుతూనే ఉండాలి. మధ్యలో యాడ్ వచ్చిందంటే పట్టిన కునుకు కాస్తా ఎగిరిపోతుంది. రీల్స్‌లో అయితే మరీ విచిత్రం. 'నెమ్మదిగా ఊపిరి పీల్చండి' అన్న ముప్పై సెకన్ల వీడియో వస్తుంది. పీల్చిన గాలి వదిలేలోపే వేలు పైకి జరుగుతుంది. తర్వాతి రీల్‌లో ఎవరో కొట్టుకుంటూ ఉంటారు.

టీవీలో ఈ సమస్య కొంత తక్కువ. దూరంగా ఉంటుంది, నోటిఫికేషన్లు రావు, ఇంట్లో అందరూ కలిసి వింటారు. పొద్దున్నే టీవీలో సుప్రభాతమో, అన్నమయ్య కీర్తనలో పెట్టుకుని వంటింట్లో పని చేసుకునే అమ్మలు ఎంతమంది! దాన్ని ఎవరూ స్ట్రెస్ మేనేజ్‌మెంట్ అనరు. ఏ యాప్ లెక్కల్లోకీ అది ఎక్కదు. కానీ ఏళ్ల తరబడి మానకుండా సాగుతున్న అలవాటు అదే.

భాష కూడా ఒక అడ్డుగోడే. ప్రపంచంలో పేరున్న ధ్యానం యాప్‌లు కామ్, హెడ్‌స్పేస్ ప్రధానంగా ఇంగ్లీష్‌లో నడుస్తాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు 'నాకు ఒత్తిడిగా ఉంది' అని ఎంతమంది అంటారు? 'టెన్షన్‌గా ఉంది' అంటారు. 'మనసేం బాలేదు', 'గుండె దడదడలాడుతోంది', 'బుర్ర పనిచేయట్లేదు', 'అన్నం సయించట్లేదు' అంటారు. చాలామందికి బాధ ముందు ఒంట్లోనే కనిపిస్తుంది. యాప్ మాత్రం ఐదు ముఖాల బొమ్మలు చూపించి ఈరోజు మీ మూడ్ ఏంటో ఎంచుకోమంటుంది. అన్నం సయించకపోవడానికి అందులో బొమ్మ ఉండదు.

వాచ్ చెప్పేది నిజమేనా?

మాదాపూర్, గచ్చిబౌలిలో కాసేపు నిలబడి చూస్తే చేతికి స్మార్ట్‌వాచ్ లేని ఉద్యోగి అరుదు. రెండు వేల రూపాయల వాచ్‌లో కూడా ఇప్పుడు 'స్ట్రెస్' అని ఒక అంకె కనిపిస్తోంది. అసలు ఆ అంకె ఎలా వస్తుంది?

వాచ్ వెనకాల ఆకుపచ్చ లైటు మెరుస్తుంటుంది. చర్మం కింద రక్తం ఎలా కదులుతోందో దాంతో పసిగట్టి, ఒక గుండె చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య ఎంత వ్యవధి ఉందో లెక్కగడుతుంది. మనిషి స్థిమితంగా ఉన్నప్పుడు ఆ వ్యవధి కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. శరీరం పరుగుకో, పోరాటానికో సిద్ధమైనప్పుడు ఆ మార్పు తగ్గిపోతుంది. ఆ తగ్గుదలనే చాలా వాచ్‌లు 'స్ట్రెస్' అని పిలుస్తున్నాయి. ఫిట్‌బిట్ 2020లో సెన్స్ అనే మోడల్‌లో చర్మం మీది సన్నటి చెమటను పట్టుకునే సెన్సర్ కూడా పెట్టింది. యాపిల్ 2016లోనే తన వాచ్‌లో ఊపిరి వ్యాయామం చేయించే 'బ్రీత్' యాప్ తెచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు. మెట్లెక్కినా, కాఫీ తాగినా, జ్వరమొచ్చినా, ఆఖరి ఓవర్‌లో మన టీమ్ గెలుస్తున్నా గుండె అలాగే కొట్టుకుంటుంది. అది సంతోషమో, భయమో వాచ్‌కి తెలియదు.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్నే పరీక్షించారు. దాదాపు 800 మంది యువతకు గార్మిన్ వీవోస్మార్ట్ 4 వాచ్‌లు పెట్టి మూడు నెలలు గమనించారు. రోజుకు కొన్నిసార్లు 'ఇప్పుడు మీకు ఎంత ఒత్తిడిగా ఉంది?' అని వాళ్లనే అడిగారు. ఆ జవాబులను వాచ్ చూపించిన స్కోరుతో పోల్చారు. 2025లో బయటికొచ్చిన ఫలితం ఏంటంటే.. రెండింటికీ దాదాపు పొంతనే లేదు. నిద్ర విషయంలో మాత్రం వాచ్ లెక్క మనుషుల మాటకు కొంత మెరుగ్గా సరిపోయింది.

మరి వాచ్ పారేయాలా? అక్కర్లేదు. ఎంతసేపు పడుకున్నారు, ఎంత నడిచారు అన్న లెక్కకు అది పనికొస్తుంది. కానీ హాయిగా కూర్చున్న మనిషి మణికట్టు చూసుకుని 'స్ట్రెస్ 78 ఉందట' అని గాబరా పడటం మొదలుపెడితే? తెలియకుండానే కొత్త టెన్షన్ పుట్టినట్టు. దీనికి రెండోవైపు ఇంకా ప్రమాదం. లోపల నలిగిపోతున్న మనిషికి వాచ్ పచ్చరంగు చూపిస్తే 'నాకేం లేదులే' అనుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటాడు. స్కోరు చూసి కంగారు పడేవాళ్లకంటే, స్కోరు చూసి ఊరుకునేవాళ్ల గురించే ఎక్కువ ఆలోచించాలి.

ఆఫీసు ల్యాప్‌టాప్.. నోరు విప్పాలంటే భయం

కరోనా సమయం నుంచి పెద్ద కంపెనీలు ఉద్యోగులకు ఉచితంగా ధ్యానం యాప్‌లు, ఫోన్ కౌన్సెలింగ్ ఇస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ తన టీమ్స్‌లోనే హెడ్‌స్పేస్ ధ్యానం వీడియోలు చేర్చింది. మంచి ఉద్దేశమే. కానీ ఆఫీసు లాగిన్‌తో తెరిచిన పేజీలో 'నిద్ర పట్టట్లేదు, మేనేజర్‌ని చూస్తే వణుకొస్తోంది' అని నిజాయితీగా టైప్ చేసేదెవరు? కంపెనీ చూడదని హామీ ఇవ్వొచ్చు. నిజంగానే చూడకపోవచ్చు. అప్రైజల్ నెలలో ఉన్న ఉద్యోగికి ఆ హామీ సరిపోదు. అందుకే ల్యాప్‌టాప్‌లో ఐదు నిమిషాల ధ్యానం క్లిప్ నొక్కేవాళ్లు ఉంటారు గానీ, సమస్య చెప్పుకునేవాళ్లు రాత్రి ఇంటికెళ్లి సొంత ఫోన్ తీస్తారు.

సొంత ఫోన్‌లో అయినా ఆ భయం ఉత్తిదేం కాదు. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ సంగతే చూడండి. గోప్యంగా ఉంచుతామని మాటిచ్చి, కస్టమర్ల ఈమెయిల్ అడ్రస్‌లు, మానసిక ఆరోగ్య ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి వాటికి పంపిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది. చివరకు 78 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఆ సంస్థ ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు.

మన దగ్గర పరిస్థితి ఏంటి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పేషెంట్ సమాచారం గోప్యంగా ఉంచాలంటోంది. అయితే ఆ బాధ్యత చికిత్స చేసే ఆరోగ్య నిపుణులది. 'మేం చికిత్స చేయం, కేవలం వెల్‌నెస్' అని చిన్న అక్షరాల్లో రాసుకునే యాప్‌ను దాని కిందకు తేవడం అంత తేలిక కాదు. 2011 ఐటీ నిబంధనల్లో మానసిక ఆరోగ్య సమాచారం 'సున్నితమైన' కేటగిరీలో ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అలాంటి ప్రత్యేక కేటగిరీయే లేదు. షాపింగ్ డేటాకూ, మనసు బాగోలేదని రాసుకున్న మాటకూ చట్టంలో ఒకటే గీత. ఆ చట్టం నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కీలకమైన వాటిని అమలు చేయడానికి కంపెనీలకు 18 నెలల గడువు దొరికింది.

ఈలోగా జనం చాట్‌బాట్‌లతో మాట్లాడటం మొదలుపెట్టేశారు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఫ్రెండ్ ఎత్తడు, బాట్ మాత్రం జవాబిస్తుంది. సిగ్గుపడాల్సిన పని లేదు. బెంగళూరులో పుట్టిన వైసా ఇలాంటి బాటే. అందులో పెంగ్విన్ బొమ్మతో మాట్లాడతారు. అమెరికాలో పేరు తెచ్చుకున్న వోబాట్ మాత్రం 2025 జూన్ 30న తన యాప్‌ను మూసేసింది. రోజూ రాత్రి మాట్లాడే నేస్తం ఒక కంపెనీ నిర్ణయంతో ఒక తేదీన మాయమైపోగలదన్నమాట.

కీప్యాడ్ ఫోన్‌కి కూడా ఒక దారి ఉంది.. కానీ

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా సొంత స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ల గొడవ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం, తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో సగం కంటే కాస్త తక్కువ. తెలంగాణలో పదిమందిలో ఆరుగురు. అప్పటి నుంచి ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ పల్లెల్లో చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఇప్పటికీ ఇంటి వస్తువే. పగలు భర్తతో పొలానికి వెళ్తుంది, సాయంత్రం పిల్లల చేతికి వస్తుంది. అందులో మనసు బాధ రాసుకునే యాప్ పెట్టుకోవడమంటే గోడ మీద రాసుకున్నట్టే.

ఇలాంటి వాళ్లకు పనికొచ్చేది యాప్ కాదు, మామూలు ఫోన్ కాల్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం రోజున టెలీ మానస్ ప్రారంభించింది. నంబర్ 14416. పైసా ఖర్చు లేదు. 24 గంటలూ పనిచేస్తుంది. ఇరవై భాషల్లో సేవ ఉంది, తెలుగు కూడా ఉంది. కీప్యాడ్ ఫోన్ నుంచి చేయొచ్చు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు, లేదా దగ్గరి జిల్లా ఆస్పత్రికి దారి చూపిస్తారు. వెనకాల బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఉంది. ఇప్పటిదాకా ఈ నంబర్‌కు 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి.

2024 అక్టోబర్‌లో టెలీ మానస్ యాప్ కూడా వచ్చింది. వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడే సౌకర్యం మొదలైంది. అయితే మొదటి జాబితాలో కర్ణాటక, తమిళనాడు, జమ్మూకశ్మీర్ మాత్రమే ఉన్నాయి, తెలుగు రాష్ట్రాలు లేవు.

మానసిక సమస్యలున్న వాళ్లలో చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ లోటు ముందు ఏ ధ్యానం యాప్ అయినా చిన్నదే. నాలుగు గోడల మధ్య ఒక మనిషి గొంతు వినిపించే నంబర్ ఉండటం పెద్ద విషయం. కానీ ఇంటి ఫోన్‌లో కాల్ లిస్ట్ తెరిస్తే 14416 కనిపిస్తుంది. 'ఎవరికి చేశావ్?' అన్న ప్రశ్న వస్తుంది. ఎంతో ఆలోచించి పెట్టిన సేవ కూడా ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోవచ్చు.

గోడ మీద నంబర్.. చేతిలో ఫోన్ లేదు

ఇక అసలు విషయం. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్, విశాఖ.. ఇంటర్, జేఈఈ, నీట్ హాస్టళ్లలో చదివే పిల్లలకు సాధారణంగా ఫోన్ ఉండదు. చేర్పించేటప్పుడే తీసేసుకుంటారు. చదువు పాడవుతుందన్న తల్లిదండ్రుల భయం కూడా దానికి తోడు. ఆ భయం తప్పు కాదు. రాత్రంతా రీల్స్ చూసే పిల్లాడిని చూసిన ఏ నాన్నా ఫోన్ ఇవ్వమని అడగడు. వారానికి ఒకసారి, నిర్ణయించిన టైమ్‌లో, వార్డెన్ దగ్గరున్న ఫోన్‌తో ఇంటికి మాట్లాడాలి. వెనకాల ఇంకో పదిమంది లైన్‌లో ఉంటారు. అలాంటి చోట 'అమ్మా, నా వల్ల కావట్లేదు' అన్న మాట గొంతులోంచి బయటికి రాదు. 'బాగానే ఉన్నా, డబ్బులు పంపించు' అని ఫోన్ పెట్టేస్తారు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఓ విద్యార్థిని 2023లో మృతి చెందిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పునిచ్చింది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా, చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాలంటూ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న ఎన్‌సీఆర్‌బీ లెక్కను కోర్టు ప్రస్తావించింది.

ఆ మార్గదర్శకాల్లో ముఖ్యమైనవి ఇవి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌ గానీ, సైకాలజిస్ట్‌ గానీ, సోషల్ వర్కర్‌ గానీ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. ఏడాదికి రెండుసార్లు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ సహా హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, క్లాసుల్లో, అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాల్లో రాయాలి.

పెద్ద అక్షరాల్లో 14416 అని గోడ మీద రాయడం ఖర్చులేని పని. ఫ్లెక్సీ కట్టి ఫొటో తీసి పంపిస్తే నిబంధన పాటించినట్టే. ఇంటర్ పరీక్షలప్పుడు తెలంగాణ ఇంటర్ బోర్డు కూడా విద్యార్థులకు ఇదే నంబర్ చెబుతోంది. కానీ ఆ నంబర్ డయల్ చేయడానికి ఫోన్ ఎక్కడుంది? వార్డెన్ గదిలో. వార్డెన్ ఎదురుగా నిలబడి, వార్డెన్ మీదే ఫిర్యాదున్న పిల్లాడు ఏం మాట్లాడతాడు? ఫోన్ చదువును పాడుచేస్తుందన్న వాదన, ఫోన్ లేకపోతే సాయం అందదన్న వాదన.. రెండూ నిజమే. కాబట్టి ఇక్కడ కావాల్సింది పిల్లలందరికీ స్మార్ట్‌ఫోన్ కాదు. హాస్టల్‌లో ఒక మూల తలుపున్న చిన్న గది, అందులో 14416కి, ఇంటికి మాత్రమే కాల్ వెళ్లే ఒక మామూలు ఫోన్. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. లక్షల్లో ఫీజు తీసుకునే సంస్థకు అది భారమే కాదు.

ప్రైవేట్ కోచింగ్ సెంటర్ల రిజిస్ట్రేషన్, విద్యార్థుల రక్షణపై రెండు నెలల్లోగా నిబంధనలు తేవాలని అదే తీర్పులో రాష్ట్రాలకు కోర్టు చెప్పింది. జిల్లాల్లో అమలు చూసేందుకు మేజిస్ట్రేట్ నేతృత్వంలో కమిటీ ఉండాలని కూడా ఆదేశించింది. జూన్‌లో అడ్మిషన్ల కోసం కాలేజీకి వెళ్లే తల్లిదండ్రులు ర్యాంకుల బోర్డుతో పాటు అడిగి తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. ఈ క్యాంపస్‌లో కౌన్సెలర్ ఎవరు, వారంలో ఎన్ని రోజులు ఉంటారు? మా పిల్లాడు ఎవరూ వినకుండా ఫోన్ మాట్లాడుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి?